ఇన్‌స్టాలర్‌కు బొమ్మలు కావాలా?

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఆంటీ, మీ రోజుల్లో పని ఎలా ఉండేది?" అని అడుగుతుంటారు. ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ గ్రేడులో రిటైరయ్యానో చెప్పడం మొదలుపెడితే వాళ్ళకు ఆవలింతలు, నాకు నీరసం. అందుకని అవన్నీ వదిలేస్తున్నాను. నా ఉద్యోగంలో మంచి వయసంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. సాంకేతిక పనులు చేసేవాళ్ళ కోసం తయారుచేసిన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు బొమ్మలతో, మౌస్‌తో నడిచే ఇన్‌స్టాలర్ పెట్టాలా, లేక నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చాలా?

వినడానికి ఇది చారులో ఇంగువ వెయ్యాలా వద్దా అన్నంత చిన్న తగాదా. కానీ ఘాజియాబాద్‌లో ఒక మనిషి ల్యాబ్ ఆయన చేతిలో ఉంటుందా, ఊడిపోతుందా అన్నది చివరికి దీనిమీదే ఆధారపడింది. కాబట్టి అదే చెబుతాను.

పురోహితుడి ఉద్యోగం

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు అవి. మేముండేది జనక్‌పురిలో, ఆఫీసు నోయిడాలో. పొద్దున్నే చార్టర్డ్ బస్సెక్కితే ఢిల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రయాణం. మా చిన్న బృందం చేసే లినక్స్ ఇళ్ళలో వాడుకునేది కాదు. మోటార్ల కంపనాలు కొలిచే ల్యాబ్‌లు, వాన కొలతలు నమోదు చేసే కేంద్రాలు, ఇంజనీరింగ్ కాలేజీలు, ఇవీ మా వాడకందార్లు. ఒకసారి ఎక్కించి వదిలేస్తే నెలల తరబడి ఆగకుండా నడవాలి. నడిచేది కూడా.

ఆ ఎక్కించే ప్రోగ్రామే ఇన్‌స్టాలర్, దాన్ని చూసుకోవడం నా పని. అది పెళ్ళి పురోహితుడి ఉద్యోగం లాంటిది. తంతు సవ్యంగా జరిగితే పురోహితుడి పేరు ఎవరికీ గుర్తుండదు. మంగళసూత్రం కనబడకుండా పోతే మాత్రం అందరూ ఆయన వైపే చూస్తారు. ఈ పనిలో మెచ్చుకోలు ఆశించేవాళ్ళు ముందే వేరే దారి చూసుకోవడం మంచిదని నా సలహా.

మా పై అధికారి మాథుర్ సాబ్. మెదడు చురుకు, మాట కరుకు. ఆయన బృందంలో ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాళ్ళకు ఖాళీ మిషను, ఒక సీడీ, అచ్చువేసిన మాన్యువల్ ఇచ్చి ఒక మూల కూర్చోబెట్టేవారు. హార్డ్‌డిస్క్‌ను భాగాలుగా కొయ్యడం దగ్గర్నుంచి అన్నీ ఆదేశాలు టైపు చేసి సొంతంగా చేసుకోవాలి. ఎవరూ సాయం చెయ్యకూడదు. సిస్టమ్ లేచి నిలబడిన రోజున ఆ కొత్తవాళ్ళే అందరికీ జిలేబీ తెప్పించాలి. నేనూ తెప్పించాను. తిన్నవాళ్ళందరికన్నా నాకే ఎక్కువ తియ్యగా అనిపించింది, ఆ గర్వం అలాంటిది.

ఈ ఆచారం వల్ల మాకు పని బాగా వచ్చింది, పొగరు అంతకన్నా బాగా వచ్చింది. మేం పడ్డ పాట్లన్నీ వాడకందార్లు కూడా పడాలని మాకు తెలియకుండానే కోరుకునేవాళ్ళం. అత్త ఒకింటి కోడలే అంటారు గానీ, ఆ సంగతి అత్తకు ఎప్పుడూ గుర్తుండదు. ఇన్‌స్టాల్ చెయ్యడం చేతకానివాడికి మన సిస్టమ్ ఎందుకు అనేవారు మాథుర్ సాబ్. మేం తలలూపేవాళ్ళం.

మాన్యువల్‌లో ఉంది కదా

నా తల ఊపడం ఆగిపోయింది ఒక ఫోన్ వల్ల. వాన కొలతల కేంద్రంలో పనిచేసే ఒకావిడ. మా ఇన్‌స్టాలర్ ఏ డిస్క్ అని అడిగి రెండు పొడి పేర్లు చూపించింది, రెంటికీ ఒక్క అక్షరమే తేడా. ఆవిడ రెండోది ఎంచుకుంది. ఆ డిస్క్‌లో ఒక వర్షాకాలం కొలతలన్నీ ఉన్నాయి. మా ఇన్‌స్టాలర్ నమ్మకస్తుడైన నౌకరులా చెప్పిన పని చేసి శుభ్రంగా తుడిచేసింది.

మాథుర్ సాబ్ విని, "మాన్యువల్ మే లిఖా హై" అన్నారు. నిజమే, రాసి ఉంది. ఆ పేజీ రాసింది నేనే. అయినా ఆ మాట నాకు రుచించలేదు. మాన్యువల్‌లో ఉందనే మాటతో పని ముగించే ఇంజనీరు సగం జీతానికే అర్హుడని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. డిస్క్‌ను బొమ్మగా చూపించి, ఇందులో మీ ఫైళ్ళు ఇంత మేర ఉన్నాయి, ఇది తుడిచిపెట్టమంటారా అని అడిగి ఉంటే ఆ వర్షాకాలం మిగిలేది. ఆ రోజు నుంచి నేను గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ పక్షం. సాబ్ అక్షరాల పక్షం. మధ్యలో ఉన్నవాళ్ళు గాలివాటు పక్షం.

చివరికి సాబ్ ఒక ప్రయోగానికి ఒప్పుకున్నారు. నేను బొమ్మల ఇన్‌స్టాలర్ తయారుచేశాను. దాన్ని పరీక్షించడానికి మౌన శనివారం అని ఒక పద్ధతి పెట్టాం. బయటి మనిషిని పిలిచి మిషను ముందు కూర్చోబెట్టడం, మేమంతా వెనక నిలబడి చూడడం, ఎవరూ నోరు విప్పకపోవడం. అడిగినా జవాబు చెప్పకూడదు, వేలు చూపించకూడదు. ఎక్కడ తడబడతారో అక్కడ మన తప్పున్నట్టు. ఇంజనీర్లకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. మాథుర్ సాబ్ సోంపు నములుతూ నోటిని అదుపులో పెట్టుకునేవారు.

కింది అంతస్తులోని అకౌంట్స్ గుమాస్తా ఒక చేత్తో చాయ్ తాగుతూ రెండో చేత్తో మొత్తం ఇన్‌స్టాల్ చేసేశాడు. నా ముఖం వెలిగిపోయింది. ఈయన మన వాడకందారు కాదుగా అని సాబ్ కొట్టిపారేశారు. నిజంగా పని తెలిసినవాణ్ణి పిలవమన్నారు. పిలవాల్సిన పేరు కూడా ఆయనే చెప్పారు. రాజేశం.

డబ్బా మాట్లాడలేదు

రాజేశం గారిది కరీంనగర్. ఘాజియాబాద్‌లో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో లెక్చరరు, కొలత పరికరాల ల్యాబ్‌కు ఇంచార్జి. మా సిస్టమ్‌లో తప్పులు పట్టుకుని ఫోన్లో చెప్పడంలో ఆయన్ను మించినవారు లేరు. బొమ్మల ఇన్‌స్టాలర్ వస్తోందని తెలిసినప్పుడు మాత్రం ఆయన గొంతు మారింది. "వద్దు మేడం. ఇప్పుడున్నది మంచిగనే ఉన్నది. దాన్ని తియ్యకుండ్రి" అన్నాడు. కారణం అడిగితే చెప్పలేదు. ఈయన కూడా సాబ్ జాతివాడే, కష్టపడి నేర్చుకున్న విద్య అందరికీ వచ్చేస్తుందని బాధ కాబోలు అనుకున్నాను. సాబ్ కూడా సరిగ్గా అదే అనుకుని మురిసిపోయారు.

ఆ శనివారం పొద్దున ఆయన ఒక్కడే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. మాట్లాడేటప్పుడు మన ముఖం వైపు కాకుండా కాస్త పక్కకు చూస్తాడు. సిగ్గరి అనుకున్నాను. సంచీలోంచి టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి తీసి, దాని తీగను మిషను వెనక తడిమి తగిలించాడు. పెట్టెకు ఇయర్‌ఫోన్ ఉంది. అది చెవిలో పెట్టుకున్నాడు. పరికరాల మనిషి కదా, ఏదో కొలుచుకుంటున్నాడులే అనుకున్నాం. అడగడానికి నియమం ఒప్పుకోదు.

సీడీ పెట్టి మిషను ఆన్ చేసి, మొదట్లోనే ఏదో టైపు చేశాడు. నేను ముచ్చటపడి చేసిన స్వాగతం తెర వచ్చింది. నీలం రంగు, మధ్యలో మా గుర్తు, కింద పెద్ద బటన్. ఆయన రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి కూర్చున్నాడు. అంతే. మౌస్ ముట్టుకోలేదు, కీ నొక్కలేదు. గదిలో కూలరు చప్పుడు తప్ప ఏమీ లేదు. సాబ్ నా వైపు చూసి కనుబొమలెగరేశారు, చూశావా, పని తెలిసినవాడు దీన్ని తాకను కూడా తాకడు అన్నట్టు. నాకు రాజేశం గారి మీద కోపం రావడం మొదలైంది. ఇంత దూరం వచ్చి ఈ సత్యాగ్రహమేమిటి అని.

చాలాసేపటికి ఆయన మెల్లిగా అడిగాడు. "శురువైందా మేడం?"

ఎవరూ పలకలేదు. నియమం అది. ఆయన ఇంకోసారి అడిగాడు. ఇది సత్యాగ్రహం కాదని అప్పుడర్థమైంది. నియమం గంగలో కలవనీ అనుకుని, "ఎప్పుడో అయింది రాజేశం గారూ. మీ ఎదురుగానే ఉంది" అన్నాను.

ఆయన ఇయర్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అట్లనా" అన్నాడు. కరెంటు సరిగా లేదనో, సీడీ పాడైందనో ఏదో ఒక సాకు చెప్పి అందర్నీ నేనే బయటికి పంపించాను.

అశోకా రోడ్డు భోజనం

ఆయన్ను అశోకా రోడ్డులోని తెలుగువాళ్ళ క్యాంటీనుకు భోజనానికి తీసుకెళ్ళాను. ఇద్దరికీ దారి కాదు. కానీ మనవాళ్ళం ఢిల్లీలో గట్టి సంగతి ఏది మాట్లాడుకోవాలన్నా ముందు పప్పూ గోంగూర పచ్చడీ ఉండాలి. వడ్డించేవాడు ఏమేం వేశాడో నేను చూపించబోతే, వాసనతో పోల్చుకుని ఆయనే కలుపుకున్నాడు.

"చెప్తే మీతోనే ఉండాలె మేడం" అని మొదలుపెట్టాడు. "మనుషులు కనవడ్తరు. దారి కనవడ్తది. నడుమల మాత్రం మసక. అక్షరాలు అలుక్కపోతయి. ఇది తగ్గేది కాదన్నరు డాక్టర్లు."

ఆ పెట్టె ఆయన చెవికి చదివిపెట్టే యంత్రం. మా పాత ఇన్‌స్టాలర్ అక్షరాలను మొదట్లోనే ఒక ఆదేశం ఇచ్చి తీగ గుండా పెట్టెకు పంపవచ్చు. వాక్యం తెర మీద పడగానే పెట్టె దాన్ని పైకి చదువుతుంది. నా బొమ్మల తెరలో చదవడానికి వాక్యమే లేదు. అంతా రంగులే, ఆయన కంటికి నీలం మసక. ఆయనకు ఆ శనివారం మా గది ఎంత నిశ్శబ్దమో మా ఇన్‌స్టాలర్ కూడా అంతే నిశ్శబ్దం.

కాలేజీలో ఎవరికీ తెలియదట. తెలిస్తే ల్యాబ్ ఇంకొకరికి ఇస్తారని భయం. ఇచ్చేశాక ఇక తనను ఉంచుకోవడం ఎందుకనుకుంటారని ఇంకా పెద్ద భయం. ఇద్దరు ఆడపిల్లలు చదువుల్లో ఉన్నారు. ఆ ఏడే ల్యాబ్‌కు కొత్త మిషన్లు వస్తున్నాయి. ఇంచార్జే వాటిమీద మా కొత్త వెర్షన్ పెట్టి తనకు చూపించాలని ప్రిన్సిపాల్ అన్నాడు. ఆయనకు ఎక్కడో అనుమానం మొదలైందని రాజేశం గారి ఊహ.

"గా ల్యాబ్ నా చేతుల పుట్టింది మేడం. తీగ తీగ నేనే గుంజిన. ఇంకొకలు తాళం తీస్తుంటే నేను స్టాఫ్ రూముల కూసోని ఇనాలె."

నాకు అన్నం సహించలేదు. ఆయన మాత్రం పెరుగు దాకా తిన్నాడు. మాథుర్ సాబ్ ఒక్కరికి చెప్పడానికి అనుమతి అడిగితే, కాసేపు ఆలోచించి సరేనన్నాడు.

సాబ్ గెలుపు, సాబ్ ఓటమి

సోమవారం తలుపు మూసి చెప్పాను. సాబ్ విని, "తో టెక్స్ట్ రహేగా" అన్నారు. అక్షరాలు ఉంటాయి, సరే. కానీ ఆ గొంతులో గెలిచిన ధ్వని వినబడి నాకు మండింది. మీరన్నది నిజమే గానీ మీరు చెప్పిన కారణానికి కాదు, మీరు చేతకానివాళ్ళను బయట ఉంచడానికి అడిగారు, ఆయన లోపల ఉండడానికి అడుగుతున్నాడు అన్నాను. పై అధికారితో అలా మాట్లాడమని మీకు చెప్పను. పర్యవసానాలు ఉంటాయి. నాకు మాత్రం ఏమీ కాలేదు.

ఎందుకంటే మాథుర్ సాబ్‌లో ఒక మంచి గుణం ఉంది. వాదంలో మొండి, పనిలో న్యాయస్థుడు. ఆయన అలాంటి పెట్టె ఒకటి అరువు తెప్పించి, మానిటర్ ఆపేసి, తాను ఎంతో గర్వపడే అక్షరాల ఇన్‌స్టాలర్‌ను వింటూ నడపబోయారు. అందులో ప్రతి ప్రశ్న చుట్టూ అందంగా గీతల చట్రం ఉండేది. పెట్టె ఆ చట్రాన్ని కూడా వదలకుండా చదివింది. డ్యాష్, డ్యాష్, డ్యాష్ అంటూ ఒక వరుస, మళ్ళీ ఇంకో వరుస. ప్రశ్న వచ్చేసరికి వినే ఓపిక చచ్చిపోతుంది. సాబ్ ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టారు. రాజేశం ఇన్నేళ్ళూ ఇదంతా భరిస్తూ పైగా మనకు తప్పులు కూడా చెప్పాడా అన్నారు. ఆయన ముఖంలో అలాంటి బాధ నేను ముందెప్పుడూ చూడలేదు.

చేతిలో మనుషులు తక్కువ, రెండు ఇన్‌స్టాలర్లు పోషించలేం. అప్పుడు తోచింది, ఈ రెంటినీ రెండు వంటలుగా చూడడమే పొరపాటని. ఏం అడగాలి, ఏ జవాబుకు ఏం చెయ్యాలి అన్నది ఒకచోట. దాన్ని బొమ్మలతో చూపించాలా, మాటలతో చెప్పాలా అన్నది వేరేచోట. వంట ఒకటే, వడ్డనలు రెండు. బొమ్మల వడ్డన నేను తీసుకున్నాను, మాటల వడ్డన సాబ్ స్వయంగా తీసుకున్నారు. ఒక ప్రశ్నను మాటల్లో స్పష్టంగా చెప్పలేకపోతే అది బొమ్మలోకి కూడా రాకూడదని ఆయన నియమం పెట్టారు. మొదట్లో నాకు చాదస్తమనిపించింది. తీరా చూస్తే ఆ నియమం వల్లే నా బొమ్మల తెరలు కూడా బాగుపడ్డాయి. ఏ డిస్క్ అనే ప్రశ్నను మాటల్లో రాయడానికి కూర్చుంటే, దాని పేరు, కంపెనీ, అందులో ఏముంది అన్నీ చెప్పక తప్పలేదు. వాన కొలతల ఆవిడకు ఆ వెర్షన్ పంపినప్పుడు, ఈసారి అది నాతో మాట్లాడింది అని ఆవిడ నవ్వింది.

గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ ఉండాలా అని ఇప్పుడు నన్నడిగితే ఉండాలనే అంటాను. కష్టపెట్టడం విద్య నేర్పే పద్ధతి కాదు. కానీ సులువు అనే మాట వినగానే ఎవరికి అని అడగండి. అడిగి ఊరుకోకండి, ఆ మనిషిని తీసుకొచ్చి కూర్చోబెట్టండి.

ఘాజియాబాద్‌లో ఆ రోజు

కొత్త మిషన్లు వచ్చాయి. కంపెనీ తరఫున సాయానికని నేను వెళ్ళాను, చెయ్యి పెట్టకూడదని మాత్రం ముందే అనుకున్నాను. ల్యాబ్ అద్దంలా ఉంది. విద్యార్థులు గోడ వారగా నిలబడ్డారు. ప్రిన్సిపాల్ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాళ్ళ మాటలు హిందీలో నడిచాయి, నేను తెలుగులో రాస్తున్నాను.

రాజేశం గారు పెట్టె తగిలించాడు. చెవిలో పెట్టుకోవాల్సిన ఇయర్‌ఫోన్ పెట్టెలోంచి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఇలా చేస్తానని నాతో ఒక్క మాట కూడా అనలేదు. సీడీ తిరిగింది, మాటలు కావాలంటే కీ నొక్కమనే చిన్న కూత వినబడింది. ఆయన ఒక కీ నొక్కాడు. పెట్టె అందరికీ వినబడేలా ఇంగ్లీషులో గరగరమంటూ మొదటి ప్రశ్న చదివింది.

"సర్, నాకు చదివే చూపు లేదు. చాలా రోజులైంది. ఇది చదివి పెడుతుంది" అన్నాడు ప్రిన్సిపాల్‌తో. పెట్టె అడుగుతూ పోయింది, ఆయన జవాబు ఇస్తూ పోయాడు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు కొట్టేస్తున్నాడు. సిస్టమ్ లేచి నిలబడింది. విద్యార్థుల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, ప్రిన్సిపాల్ ముఖం చూసి ఆపేశారు.

ప్రిన్సిపాల్ లేచి పక్క మిషను దగ్గరికి వెళ్ళాడు. బొమ్మలతో కూడా వచ్చిందట కదా, అది నేను చేస్తాను అని కూర్చున్నాడు. అది మెప్పా, పరీక్షా నాకు అర్థం కాలేదు. నా నీలం తెర వచ్చింది. నాలుగు బటన్లు నొక్కాక డిస్క్ దగ్గర ఆగిపోయాడు. మౌస్ అటూ ఇటూ తిప్పాడు. నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"రాజేశం జీ, ఇక్కడేం చెయ్యాలి?" అని అడిగాడు.

రాజేశం గారు వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడ్డాడు. "అక్కడ ఏం రాసుందో పైకి చదవండి సర్" అన్నాడు.

ప్రిన్సిపాల్ కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో ప్రశ్న ఆయన చదవడం, ఏది నొక్కాలో, ఎందుకు నొక్కాలో రాజేశం గారు చెప్పడం. మధ్యలో ఒకచోట తొందరపడి సగమే చదివితే, మిగతాది కూడా చదవమన్నాడు. చివరి దాకా ఆ ఇద్దరూ అలాగే వెళ్ళారు. ల్యాబ్ ఎవరికివ్వాలనే మాట ప్రిన్సిపాల్ ఆ రోజు ఎత్తలేదు, ఆ తర్వాత కూడా ఎత్తలేదు.